కార్తెకో వరస, వానకో చుక్క

బీదర్ పాతబస్తీలో బిద్రీ పని చేసే కారీగరు వెండి కంటే భద్రంగా చూసుకునేది మట్టిని. కోట లోపల ఎండా వానా తగలకుండా తరాల తరబడి నీడలో ఉండిపోయిన చోట ఆ మట్టి దొరుకుతుంది. పనికొస్తుందో లేదో చిటికెడు నాలుక మీద వేసుకుని రుచి చూసి తేలుస్తారు. జింకులో కొద్దిగా రాగి కలిపి పోత పోసిన పాత్రను ఆకురాయితో నునుపు చేసి, మైలుతుత్తం నీళ్లు పట్టించి పైపైన నల్లబరుస్తారు. ఆ నలుపు మీద సన్నటి ఉలితో తీగలూ పూలూ చెక్కి, చెక్కిన గాడిలోకి వెండి తీగను సుత్తితో కూరుతారు. చివరికి కోట మట్టిని నవాసాగరంతో కలిపి పాత్రకు పట్టిస్తే జింకంతా కాటుక నలుపుకు తిరుగుతుంది. వెండి మాత్రం రంగు మారదు. ఆ నలుపులో ఇంకా తెల్లగా తేలుతుంది.

ఈ ఊళ్లో అలంకారం ఏనాడూ ఉత్త సోకు కాదు. బహమనీల మంత్రి మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదర్సా ముందు గోడ మీద, నిలిచివున్న మినార్ మీద నీలం, తెలుపు, పసుపు పింగాణీ పలకలు ఇప్పటికీ కొన్ని మిగిలాయి. వాటిలో లతలతో పాటు అక్షరాలూ ఉన్నాయి. చదువు వచ్చినవాడు చదువుకున్నాడు, రానివాడు ఆగి చూశాడు. అందం మనిషిని నిలబెడుతుంది, నిలబడ్డ మనిషికి మాట చెప్పొచ్చు. ఈ సంగతి బహమనీల కాలం నాటి మేస్త్రీలకు బాగా తెలుసు. వాతావరణ మార్పు గురించి ఊళ్లలో ప్రచారం చేసే శాఖలు దీన్ని ఇంకా పట్టించుకోలేదు.

పట్టించుకోవాల్సిన చోటు ఒకటి చూద్దాం. బీదర్ జిల్లా భాల్కి తాలూకాలో ఖటక్ చించోళి హోబ్లీ (కొన్ని ఊళ్ల రెవెన్యూ విభాగం) ఉంది. కంది, పెసర, మినుము, సోయా, జొన్న, శనగ పండే నేల. వానే ఆధారం. 2023 ఆగస్టు దేశమంతటా 1901 నుంచి లెక్కల్లో ఉన్న ఆగస్టులన్నిటిలోకీ ఎండిపోయిన ఆగస్టు. కురవాల్సిన దానిలో మూడో వంతుకు పైగా తగ్గింది. ఆ ఏడు కర్ణాటకలోని 236 తాలూకాల్లో 223 కరువు జాబితాకెక్కాయి. రెండేళ్లు తిరిగేసరికి, 2025 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో బీదర్ జిల్లా మీద వానలు విరుచుకుపడ్డాయి. కోతకొచ్చిన పెసర, మినుము చేలోనే నానిపోయాయి, సోయా దెబ్బతింది, కందిచేలలో నీళ్లు నిలిచాయి. ఒక ఏడు చుక్క లేక, మరో ఏడు చుక్క ఆగక, రెండుసార్లూ నష్టపోయింది అదే రైతు.

ఈ రైతుకు వాతావరణం మారిందని చెప్పడానికి ఊళ్లలోకి వచ్చే పోస్టర్లలో సాధారణంగా రెండు చేతుల మధ్య భూగోళం ఉంటుంది. లేదంటే విరిగిన మంచుపలక మీద ఒంటరి ఎలుగుబంటి ఉంటుంది. ప్లాస్టిక్ ఫ్లెక్సీ మీద ముద్రించి, కరెంటు స్తంభానికి కట్టి, ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. ఆ బొమ్మలో ఖటక్ చించోళి లేదు. నల్లరేగడి లేదు, కందిచేను లేదు, మిరుగు (మృగశిర) కార్తె లేదు. అందుకే ఎవరూ దాని ముందు ఆగరు. తప్పు చూసేవాళ్లది కాదు, గీయించినవాళ్లది.

అయితే బొమ్మతో ఈ విషయం చెప్పలేమా? చెప్పొచ్చు, చెప్పినవాళ్లు పక్కనే ఉన్నారు.

1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు నిజాం కాలం నాటి బీదర్ జిల్లా మూడు ముక్కలైంది. ఉద్గీర్, నిలంగా, అహ్మద్‌పూర్ బొంబాయి రాష్ట్రంలో కలిశాయి. భాల్కి, హుమ్నాబాద్ వంటివి మైసూరుకు వెళ్లాయి. జహీరాబాద్, నారాయణఖేడ్ తాలూకాలు, బీదర్ తాలూకాలోని న్యాల్‌కల్ భాగం ఆంధ్రప్రదేశ్‌లో కలిసి మెదక్ జిల్లాలో చేరాయి. ఇప్పుడవి సంగారెడ్డి జిల్లాలో ఉన్నాయి. గీత కాగితం మీదే పడింది. నేల, వాన, పంటలు, పండుగలు అటూ ఇటూ ఒకటే. ఎళ్ల అమావాస్యకు చేలోకెళ్లి, రకరకాల పప్పుగింజలు, కూరగాయలు కలిపి వండిన భజ్జీతో బంతులు కూర్చోవడం సరిహద్దుకు రెండు పక్కలా ఉంది.

ఆ జహీరాబాద్ ప్రాంతంలోనే 2000 ప్రాంతం నుంచి ఏటా సంక్రాంతికి పాత పంటల జాతర బయలుదేరుతోంది. పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు నడిపే జాతర ఇది. వీళ్లలో ఎక్కువమంది దళిత మహిళలు, ఎకరం రెండెకరాల చెల్కల మీద బతికేవాళ్లు. ఎడ్లబండ్లను రంగుబట్టలతో, పూలతో, జొన్న కంకులతో సింగారిస్తారు. బండి మీద మట్టికుండల్లో విత్తనాలుంటాయి. కొర్ర, సామ, తైద, సజ్జ, పచ్చజొన్న, కంది, అనుము, ఉలవ, అవిసె, కుసుమ, ఇంకా పేర్లు మరిచిపోతున్న ఎన్నో రకాలు. డప్పులు, పాటలు, కోలాటాలతో బండ్ల వరస ఊరూరూ తిరుగుతుంది. ఊరివాళ్లు ఎదురొచ్చి హారతి పడతారు. సభలో ఉపన్యాసాల కంటే గింజల గురించిన మాటలు ఎక్కువ నడుస్తాయి. ఏది ఎన్ని నాళ్లలో చేతికొస్తుంది, ఏది వాన వెనకబడినా నిలబడుతుంది, ఏది బలం లేని నేలలో కూడా పండుతుంది అన్నవి ముచ్చటకొస్తాయి. నెల రోజులు తిరిగి ఫిబ్రవరి నడిమిలో ఝరాసంగం మండలం మాచునూరులో జాతర ముగుస్తుంది.

ఈ జాతరను వాతావరణ ప్రచారం అని మొదట ఎవరూ పిలవలేదు. విత్తనం కాపాడుకునే పండుగగానే మొదలైంది. కానీ వాన నమ్మకం తప్పిన కాలంలో ఏ పంట వేస్తే కనీసం తిండిగింజలు దక్కుతాయి అన్నదే వాతావరణ మార్పులో ఈ నేలకు ఎదురైన అసలు ప్రశ్న. దానికి జవాబును కుండలో పోసి, బండి మీద పెట్టి, పూలు చుట్టి వీధిలోకి తెచ్చారు. చూసినవాళ్లు అందులోంచి పిడికెడు గింజ అడిగి తీసుకెళ్లి విత్తుకునే వీలుంది. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ ప్రైజు ఈ సంఘాలకు వచ్చింది. సంస్థను నిలబెట్టిన పి.వి.సతీష్ 2023 మార్చిలో, అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంలోనే కన్నుమూశారు.

జాతరలో అందం ఎక్కడిదో గమనించాలి. నగరం నుంచి చిత్రకారుణ్ని పిలిపించి వేయించిన బొమ్మ కాదది. పెళ్లికి, పండుగకు బండిని ఎలా సింగారిస్తారో ఆ ఊళ్ల ఆడవాళ్లకు పుట్టుకతో తెలిసిన పని. ఆ పనిలోకి కొత్త సంగతిని దించారు. అలంకారం వాళ్లది, గింజ వాళ్లది, మాట వాళ్లది. ఇంత సొంతమైనప్పుడు ప్రచారం అన్న పేరు కూడా అక్కర్లేదు.

ప్రపంచంలో ఇదే దారిలో వచ్చిన మరో ఉదాహరణ చూస్తే, దాని పుట్టుక కూడా ఇంటి పనిలోనే. ఇంగ్లండ్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయంలో వాతావరణ శాస్త్రవేత్త ఎల్లీ హైవుడ్ 2017లో ఒక దుప్పటి అల్లారు. ఏడాదికో చార, ఆ ఏటి వేడిని బట్టి ఊలు రంగు. అదే విశ్వవిద్యాలయంలోని ఎడ్ హాకిన్స్ 2018లో ఆ ఆలోచనను చారల బొమ్మగా మలిచారు. చల్లటి ఏళ్లకు నీలం, వేడి ఏళ్లకు ఎరుపు. అంకె లేదు, అక్షరం లేదు. ఎడమ నుంచి కుడికి చూపు జరుగుతుంటే నీలం పలచబడి ఎరుపు ముదురుతుంది. ప్రపంచం మొత్తానికీ గీస్తే 1850 దగ్గర మొదలైన చారలు 2024 దగ్గరకు వచ్చేసరికి నల్లబారిన ఎరుపులో తేలుతాయి. 2024 పారిశ్రామిక యుగానికి ముందునాటి కంటే దాదాపు 1.55 డిగ్రీల సెల్సియస్ వేడెక్కిందని ప్రపంచ వాతావరణ సంస్థ తేల్చింది. మన దేశంలోనూ 1901 తర్వాత అత్యంత వేడి ఏడాది అదే. ఈ చారలు పత్రికల అట్టల మీదికి, మెడ పట్టీల మీదికి, రీడింగ్ ఫుట్‌బాల్ జట్టు చొక్కాల చేతుల మీదికి ఎక్కాయి. శాస్త్రవేత్తల గ్రాఫును ఒంటి మీద వేసుకుని తిరిగే రోజు వస్తుందని అంతకుముందు ఎవరనుకున్నారు?

ఇలాంటి బొమ్మలు నిజంగా మనసు మారుస్తాయా అని పరిశోధకులూ చూశారు. 2015లో పారిస్ వాతావరణ సదస్సు సందర్భంగా నగరమంతా కళాప్రదర్శనలు పెట్టినప్పుడు, నార్వేకు చెందిన ఇద్దరు పరిశోధకులు 37 కళాకృతులను, వాటిని చూసిన 874 మంది స్పందనలను పరిశీలించారు. భయపెట్టిన బొమ్మల కంటే, ఊరట కలిగించే ఊహాలోకాల కంటే, అందంగా ఉంటూ ఒక పరిష్కారాన్ని కళ్లముందు పెట్టిన వాటికే చూపరులు ఎక్కువ కదిలారు. 2023లో అమెరికాలో జరిగిన మరో అధ్యయనంలో, ఒకే లెక్కను మామూలు గ్రాఫుగా చూపినప్పుడూ వర్ణచిత్రంలో కలిపి చూపినప్పుడూ వచ్చిన తేడాను కొలిచారు. రాజకీయంగా ఎడమొహం పెడమొహంగా ఉన్నవాళ్ల మధ్య దూరం చిత్రం చూసినప్పుడు కొంత తగ్గింది. పాత పంటల జాతర పారిస్ అధ్యయనానికి పదిహేనేళ్ల ముందే బయలుదేరింది. దానికి ఏ పరిశోధనా అవసరం పడలేదు.

అలంకారం చట్టం చేయలేని పని చేసిన చోటు మన దేశంలో ఇంకొకటుంది. బిహార్‌లోని మధుబని జిల్లాలో రాంపట్టి నుంచి రాజ్‌నగర్ వెళ్లే రోడ్డు పక్క చెట్లను 2012లో అక్కడి చిత్రకారులు మధుబని బొమ్మలతో నింపేశారు. గ్రామ వికాస్ పరిషత్ సంస్థ, షష్ఠీనాథ్ ఝా ముందుండి నడిపించారు. కాండం చుట్టూ దేవతలు, పురాణ కథలు, చేపలు, నెమళ్లు. దేవుడి బొమ్మ ఉన్న చెట్టు మీద గొడ్డలి వేయడానికి చెయ్యి ఎవరికి వస్తుంది? కొట్టెయ్యొద్దు అని బోర్డు పెట్టి ఉంటే ఎవరూ లెక్కచేసేవాళ్లు కాదు.

ఇక ఖటక్ చించోళికి తిరిగొద్దాం. బీదర్ జిల్లాలో కన్నడ, మరాఠీ, ఉర్దూ, తెలుగు నాలుగూ వినబడతాయి. ఏ లిపిలో రాసినా కొందరికి అందదు. ముగ్గు మాత్రం అందరి వాకిళ్లలో ఉంది. రంగోలి అన్నా ముగ్గు అన్నా పిండి పట్టుకున్న వేళ్లకు తెలిసిన లెక్క ఒకటే. చుక్కలు పెట్టడం, వరసలు లెక్కపెట్టడం, ఎక్కడ సరిచుక్క, ఎక్కడ సందుచుక్క అన్నది తేల్చుకోవడం. చూస్తే ఇది పట్టిక గీయడమే. వాన లెక్కకు ఇంతకంటే అనువైన కాగితం ఏముంది?

కర్ణాటక రాష్ట్ర ప్రకృతి విపత్తుల పర్యవేక్షణ కేంద్రం గ్రామ పంచాయతీల స్థాయిలో వాన కొలిచే యంత్రాలు పెట్టింది. పావుగంటకోసారి లెక్క బెంగళూరు చేరుతుంది. అంటే ఊళ్లో ఏ రోజు ఎన్ని మిల్లీమీటర్లు పడిందో లెక్క ఉంది. ఊరి కళ్లముందు మాత్రం లేదు. దాన్ని ముగ్గులోకి దించొచ్చు. మృగశిర నుంచి హస్త దాకా తొమ్మిది కార్తెలు. కార్తెకో వరస, వరసకు పదమూడో పద్నాలుగో చుక్కలు, రోజుకొకటి. 2.5 మిల్లీమీటర్లు, ఆపైన కురిస్తే వాతావరణ శాఖ దాన్ని వాన పడ్డ రోజుగా లెక్కేస్తుంది. ఆ రోజు చుక్కకు నీలం అద్దాలి. 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వాన, ఆ చుక్క చుట్టూ ముదురు రంగు పువ్వు విప్పాలి. పొడి రోజు తెల్ల చుక్కగానే ఉంటుంది. వాన రోజులను మెలికలు తిప్పుతూ కలిపితే ముగ్గు అల్లుకుంటుంది, పొడి రోజుల దగ్గర తెగిపోతుంది.

2023 ముగ్గూ 2025 ముగ్గూ పక్కపక్కన వేస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. 2023లో మఖ, ఆశ్లేష వరసల్లో బోసిగా తెల్ల చుక్కలు. 2025లో అదే మఖ, పుబ్బల దగ్గర పువ్వు మీద పువ్వు. ఆ వరసల పక్కన ఏ పంట ఏ దశలో ఉందో చిన్న బొమ్మ గీస్తే చాలు. పెసరకాయ ఎండే రోజున పువ్వు విప్పుకుంటే నష్టం ఎంతో బీదర్ జిల్లాలో పిల్లలకు కూడా చెప్పనక్కర్లేదు.

చారల బొమ్మను అలాగే తెచ్చి అతికించకుండా ముగ్గు ఎందుకంటే, వేడి ఏటేటా పెరుగుతుంది కాబట్టి రంగు వరసగా ముదురుతుంది. వాన అలా కాదు. ఏడాది మొత్తం కలిపితే సరాసరి సరిపోయినట్టే కనిపించొచ్చు. కానీ ఇరవై రోజులు మొహం చాటేసి, మూడు రోజుల్లో కుమ్మరించి పోతుంది. కాగితం మీద అది మామూలు వర్షపాతం, చేలో అది రెండు నష్టాలు. ఏడాదికో చార గీస్తే ఈ మోసం దాగిపోతుంది. రోజుకో చుక్క పెడితేనే బయటపడుతుంది. వేడెక్కిన గాలి ఎక్కువ ఆవిరిని పట్టి ఉంచి ఒక్కసారిగా వదలడం వాతావరణ మార్పుకు ఒక గుర్తు అని శాస్త్రం చెబుతోంది. దక్కను మీద అది కనబడేది రోజుల లెక్కలోనే.

ఒక అభ్యంతరం వెంటనే వస్తుంది. అప్పుల్లో ఉన్న రైతుకు ముగ్గులూ బొమ్మలూ ఏం చేస్తాయి, వాతావరణం మారిందని అతనికి తెలియదా అని. తెలుసు. ఏ శాస్త్రవేత్త కంటే ముందే తెలుసు. అందుకే ఈ ముగ్గు రైతుకు పాఠం చెప్పడానికి కాదు, రైతుకు తెలిసింది పైవాళ్లకు కనబడడానికి. వరసగా మూడు నాలుగు వారాలు వాన మామూలులో సగం కూడా కురవకపోవడం కరువు ప్రకటనకు చూసే కొలతల్లో ఒకటి. పంటల బీమాలో నష్టం తేల్చేది గ్రామ పంచాయతీనో హోబ్లీనో యూనిట్‌గా పెట్టుకుని. గ్రామసభ నడిచే ఆవరణలో రెండు కార్తెల వరసలు బోసిగా ఉన్న ముగ్గు పరచి ఉంటే, వ్యవసాయాధికారి, బీమా మనిషి, తహసీల్దారు దాన్ని దాటుకుని పోలేరు. ఇప్పుడు ఆ లెక్క అధికారి ఫోనులో ఉంది, రైతు నోట మాట మాత్రమే ఉంది. ముగ్గు వేస్తే ఇద్దరి ముందూ ఒకే లెక్క ఉంటుంది. వాదన జరిగితే జరగనివ్వండి, కనీసం సమంగా జరుగుతుంది.

ముగ్గు రెండో రోజుకు చెరిగిపోతుంది, నిజమే. అందుకే ఏడాదికోసారి గోడకెక్కాలి. సంక్రాంతికి ముందు, కొత్త సున్నం కొట్టే వేళలో, పంచాయతీ గోడ మీద ఆ ఏటి ముగ్గును శాశ్వతంగా దించాలి. సున్నంలో నీలిమందు కలిపితే నీలం వస్తుంది. బీదర్ గుట్టల ఎర్రమట్టి ఎరుపు ఇస్తుంది. ఫ్లెక్సీ జోలికి పోకూడదు. ప్లాస్టిక్ గుడ్డ మీద వాతావరణం గురించి రాయడం చెప్పేదానికీ చేసేదానికీ పొంతన లేని పని, జనం దాన్ని ఇట్టే పసిగడతారు. పదేళ్లు గడిస్తే గోడ మీద పది ముగ్గులు. ఆ వరసను చూసిన పిల్ల తన పెళ్లీడుకొచ్చేసరికి ఊరి వానను తరగతి పుస్తకం అక్కర్లేకుండా చెప్పగలుగుతుంది.

బిద్రీకి ఇందులో చోటుంది. బిద్రీ కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ వచ్చినప్పుడు బీదర్ అంతా సంబరపడింది. కానీ వెండి ధర పెరిగే కొద్దీ కారీగర్లకు పని దొరకడం కష్టమవుతోంది. జిల్లాకు వచ్చే అతిథులకు, అవార్డులకు ప్రభుత్వం ఇచ్చే బిద్రీ జ్ఞాపికల మీద ఎప్పటి నెమళ్లూ హంసలూ కాకుండా బీదర్ వాన చుక్కలను వెండితో కూర్చమని ఆర్డరు పెడితే, ఆ వస్తువు వెళ్లిన ప్రతి డ్రాయింగ్ రూములో ఈ జిల్లా వాన మాట్లాడుతుంది. నల్లటి పళ్లెం మీద వెండి చుక్కలు, మధ్యలో బోసిగా నలుపు. ఆ ఖాళీ ఏమిటని అతిథి అడిగి తీరతాడు. ఇక్కడ ఒక షరతు ఉంది. చెక్కినవాడికి కూలి కాదు, కళాకారుడికి ఇవ్వాల్సిన వెల ఇవ్వాలి. వాతావరణం పేరుతో కారీగరు చేత ఉచిత సేవ చేయించడం అన్యాయం. ముగ్గు వేసే ఆడవాళ్ల విషయంలోనూ అంతే. ఆడవాళ్లు ఎలాగూ వేస్తారు కదా అని రోజు కూలి ఎగ్గొట్టే అలవాటు ప్రభుత్వ కార్యక్రమాల్లో ఉంది. ఉపాధి హామీ కూలికి తగ్గకుండా ముట్టజెప్పాలి.

లెక్క తప్పకూడదు, ఇది రెండో షరతు. బొమ్మ అందంగా రావడం కోసం చుక్క జరపడం, నష్టం పెద్దగా కనబడాలని పువ్వు పెంచడం మొదలైతే ఒక్క ఏడాదిలో గోడ మీద నమ్మకం పోతుంది. అధికారికి నచ్చలేదని ముగ్గు మీద సున్నం కొట్టించడం కూడా అంతే తప్పు. ఊరి హైస్కూలు పిల్లలు యంత్రం లెక్కను తేదీలవారీగా నోటుబుక్కులో ఎక్కించుకుని, ముగ్గుతో సరిచూడాలి. లెక్కల టీచరుకు, డ్రాయింగ్ టీచరుకు కలిసి చేయదగ్గ పని ఇంతకంటే మంచిది దొరకదు.

అన్నీ ముగ్గుతో తేలవు. కొన్ని మాటలు నేరుగా, ప్రాణం కోసం చెప్పాల్సినవి ఉన్నాయి. పిడుగు అందులో మొదటిది. 2022లో పిడుగుపాటుకు దేశంలో 2,887 మంది చనిపోయారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. పొలంలో ఉన్నవాళ్లు, గొడ్లు మేపేవాళ్లు, వాన వస్తుందని చెట్టు కిందికి పరిగెత్తినవాళ్లు ఇందులో ఎక్కువ. ఉరుము వినబడగానే చెట్టు కిందికి పోకూడదని, పక్కా ఇంట్లోకి చేరాలని, ఏ నీడా లేకపోతే కాళ్లు దగ్గరకు చేర్చి ముడుచుకు కూర్చోవాలని, పడుకోకూడదని ఎన్నిసార్లు సందేశాలు పంపినా, పొలంలో ఉన్న మనిషి ఫోను చూడడు. దాన్ని బస్టాండు గోడ మీద, పశువుల సంత దగ్గర, గుడి మండపం పక్కన, దర్గా దారిలో మనిషి ఎత్తు బొమ్మగా, నిండు రంగుల్లో, చుట్టూ మెలికల ముగ్గు అంచుతో వేయించాలి. చెట్టు కింద నిలబడ్డ మనిషి ఎర్రరంగులో, ముడుచుకు కూర్చున్న మనిషి తెల్లరంగులో. ఒక్క అక్షరం అక్కర్లేదు.

దీనికి పెద్ద పథకం కూడా అక్కర్లేదు. పంచాయతీ నిధుల్లోంచి సున్నం, రంగులు, నలుగురికి నాలుగు రోజుల కూలి. వాన ముగ్గుకైతే హస్త దాటి కార్తెలన్నీ అయిపోయేదాకా ఆగొచ్చు. పిడుగు బొమ్మకు ఆ వ్యవధి లేదు. బీదర్ ప్రాంతంలో ఉరుముల వానలు ఏప్రిల్, మే నెలల్లోనే మొదలవుతాయి, ఖరీఫ్ దుక్కులు సాగేదీ అప్పుడే. గోడలు మార్చి ఆఖరుకల్లా సిద్ధం కావాలి.